మన బడులు, వాటి ఆవరణలు – పల్నాటి నుండి ఒక పరిశీలన

ఈ శతాబ్ది సంచికలో సంఘముల చరిత్ర, అధ్యక్షుల చరిత్ర, దేవాలయముల చరిత్ర పలువురు పెద్దలు వ్రాయుచున్నారు. మాకు బడుల చరిత్ర వ్రాయు భాగ్యము కలిగినది. మన తాతలలో అనేకులు సువార్తను మొదట వినినది బడిలోనే. చాలా గ్రామములలో దేవాలయమును బడియు ఒకే పాకగా ఉండెను. పగలు అక్కడ పలకలు కనబడెడివి, రాత్రి అక్కడే ప్రార్థన జరిగెడిది. కాబట్టి బడుల చరిత్రను విడిచి సంఘచరిత్ర వ్రాయుట మనకు సాధ్యము కాదు.

బడి చరిత్ర యనగానే స్థాపించిన సంవత్సరము, కట్టించిన దొరగారి పేరు, గదుల లెక్క, ఆవరణ వైశాల్యము చెప్పి ముగించుట వాడుక. అవి అవసరమే. అయితే పల్నాటిలో సేవ చేయుచున్న మేము ఏ బడి చరిత్ర చదివినను మొదట ఒక ప్రశ్న అడుగుచున్నాము: ఆ బడిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి? ఈ వ్యాసమంతయు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకుటయే.

పల్నాటికి ఈ ప్రశ్న ఎందుకు?

12వ శతాబ్దమున పల్నాటి రాజ్యము రెండుగా చీలినప్పుడు గురజాల నలగామరాజునకు, మాచర్ల మలిదేవరాజునకు రాజధానులాయెను. మలిదేవుని పక్షమున మంత్రిగానుండిన బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని, మాల కన్నమదాసును తన సేనలో ముఖ్యునిగా చేసికొనెనని పల్నాటి వీరగాథలు చెప్పుచున్నవి. దానినే చాపకూడు అందురు. కారెంపూడిలో ఏటేట జరుగు వీరుల ఉత్సవములలో నేటికిని చాపకూడు జరుగుచున్నది.

అయినను చాపకూడు పుట్టిన ఈ సీమలోనే ఊరికొక బావి, పల్లెకొక బావి తరతరములుగా ఉండెను. ఏడాదికొక దినము ఒక చాపమీద తినుట వేరు, ప్రతిదినము ఒక చాపమీద చదువుకొనుట వేరు. ఈ రెండవ పనిని చేయవలసినది బడి. మన మిషను బడులు ఆ పని ఎంతవరకు చేసెను?

నదికి అవతల ఆంగ్లికన్ సంఘము, ఇవతల పల్నాడు

పల్నాటి క్రైస్తవ చరిత్రలో తొలి పుటలు మన ఆంగ్లికన్ పెద్దలవి కావు. ఈ మాట దాచనవసరము లేదు. జర్మనీలో పుట్టి అమెరికా నుండి వచ్చిన లూథరన్ మిషనెరీ ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు చేరిరి. నడుమ స్వదేశమునకు వెళ్లి వైద్యము చదువుకొని తిరిగివచ్చి, 1849లో పల్నాటిలో ప్రవేశించి గురజాలను తమ కేంద్రముగా చేసికొనిరి. ఆయనను పల్నాటికి పొమ్మని ప్రోత్సహించి ధనసహాయము చేసినది గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ దొరగారు. తరువాతి కాలమున నరసరావుపేట ప్రాంతములో అమెరికన్ బాప్తిస్టు మిషను పని విస్తరించెను.

ఒక మిషను పనిచేయుచున్న తావున మరియొక మిషను ప్రవేశింపరాదను మర్యాదను ఆ దినములలో మిషనులు పాటించెడివి. అందువలన ఆంగ్లికన్ పని పల్నాటికి రెండు ప్రక్కల పెరిగెను గాని పల్నాటిలో వేరూనలేదు. తూర్పున కృష్ణా తీరమున మచిలీపట్నము, బెజవాడ, ఏలూరు ప్రాంతములలో సి.ఎం.ఎస్. మిషను ఉండెను. నల్లమల కావల నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములలో ఎస్.పి.జి. మిషను ఉండెను. ఒక మిషను భాగము మరియొకదాని చేతికి పోవుట కూడ అసాధ్యము కాదు. రాజమండ్రిలోని లూథరన్ పనిని సి.ఎం.ఎస్. వారికి అప్పగింపబోవుచుండగా, 1869లో వృద్ధుడైన హయ్యర్ గారు ఆ యేర్పాటు కూడదని వాదించి, తానే మూడవసారి సముద్రము దాటి వచ్చి దానిని నిలువబెట్టిరి.

అయినను మచిలీపట్నము పల్నాటికి పరాయి ఊరు కాదు. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపిరి. తిరిగి 1904లో గాని గుంటూరు జిల్లా ఏర్పడలేదు. ఆ 45 సంవత్సరములు పల్నాటివారికి జిల్లా కచేరి బందరే. తెలుగుదేశములో మొట్టమొదటి ఆంగ్లికన్ ఇంగ్లీషు పాఠశాల ఆ బందరులోనే ఉండెను. కనుక ముందుగా అక్కడికి పోవుదము.

ఇద్దరు పిల్లలతో బందరు బడి

1841లో సి.ఎం.ఎస్. వారు ఇద్దరు యువ గురువులను తెలుగుదేశమునకు పంపిరి. ఒకరు కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ గారు, రెండవవారు ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ ఫాక్స్ గారు. ఫాక్స్ గారు ఊరూర తిరిగి సువార్త ప్రకటించిరి. ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లి 1848లో, 31 ఏండ్ల ప్రాయములోనే, ప్రభువునందు నిద్రించిరి. నోబుల్ గారు బడిని నమ్ముకొనిరి. 1843 నవంబరులో ఆయన బడి తెరచినప్పుడు వచ్చిన విద్యార్థులు ఇద్దరే. ఆయన వివాహము చేసికొనలేదు, సెలవు పుచ్చుకొని ఒక్కసారియైనను ఇంగ్లండునకు పోలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే మరణించువరకు ఆ బడియే ఆయన ఇల్లు.

ఆయన ఆలోచన ఇది. పై కులముల యువకులు మొదట సత్యమును గ్రహించినయెడల తక్కినవారు వారి వెనుక వచ్చెదరు. అందుచేత ఆయన బడి పై కులముల బాలురకై నడచెను. అంటరానివారని పిలువబడిన వారి పిల్లలకు అందులో చోటు లేకుండెను. వారిని చేర్చుకొనినయెడల తక్కినవారు తమ పిల్లలను మాన్పించెదరను భయము దానికి కారణము. ఆ కాలపు మిషనెరీలలోనే ఈ పద్ధతిని ఆక్షేపించినవారు ఉండిరి.

భయపడినంతయు వేరొక దారిన వచ్చెను. 1852లో ఆ బడి విద్యార్థులైన అయినాల భూషణము, మంచాల రత్నము అను ఇద్దరు యువకులు బాప్తిస్మము పొందిరి. పట్టణమంతయు అల్లకల్లోలమాయెను. బడి దాదాపు ఖాళీ ఆయెను. నోబుల్ గారు తలుపులు మూయలేదు. కొంతకాలమునకు పిల్లలు మరల వచ్చిరి. ఆ ఇద్దరు యువకులు తరువాత గురువులుగా అభిషేకము పొంది తెలుగు సంఘమునకు సేవ చేసిరి.

ఇక్కడ మేము నోబుల్ గారిని నిందించుటకు పూనుకొనలేదు. ఒక మనుష్యుడు 24 ఏండ్లు ఒక ఊరిలో కదలక నిలిచి బోధించుట సామాన్యమైన త్యాగము కాదు. ఆ విద్యాలయము కళాశాలగా ఎదిగెను. రఘుపతి వెంకటరత్నము నాయుడు గారు కొంతకాలము అక్కడ బోధించిరి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ చదివిరి. దేశమునకు ఆ బడి చేసిన మేలు గొప్పది. అయితే మా ప్రశ్నకు నోబుల్ గారి నాటి బడి చెప్పు జవాబు ఇంతే: ఒకే బల్లమీద కూర్చుండినవారు పై కులముల బాలురు. బాలికలు అక్కడ లేరు, పల్లె పిల్లలు అక్కడ లేరు.

బాలికలకు వేరొక ఆవరణ

బాలికల పని అదే పట్టణములో షార్కీ దంపతులు చేపట్టిరి. షార్కీ దొరసాని గారు బాలికలకు బోర్డింగ్ బడి నడిపిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము బందరు మీదికి పొంగివచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొనెను. ఆ బోర్డింగులోని బాలికలు అనేకులు ఆ రాత్రియే ప్రాణములు కోల్పోయిరి. మన అధ్యక్ష మండలములలో బాలికావిద్యను గూర్చి మాటలాడునప్పుడు ఎవరును పేర్లు వ్రాసియుంచని ఆ చిన్నబిడ్డలను జ్ఞాపకము చేసికొనుట మనకు తగును. వారి తల్లిదండ్రులు ఆడపిల్లకు చదువేల అని లోకమనుచున్న దినములలో తమ కుమార్తెలను ఇల్లు విడిచి పంపినవారు.

అప్పటికి బాలురది ఒక ఆవరణ, బాలికలది మరియొక ఆవరణ. ఇద్దరును ఒక గదిలో చదువుట పట్టణములో ఊహింపరాని మాట. అది మొదట జరిగినది పట్టణములో కాదు, పల్లెలో.

పాకలో పుట్టిన సహవిద్య

1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య అను మాల పెద్ద బెజవాడలో సి.ఎం.ఎస్. మిషనెరీ డార్లింగ్ గారిని కలిసికొనెను. ఒకప్పుడు దొంగల నాయకుడైన వెంకయ్య, విగ్రహములయందు నమ్మిక పోగొట్టుకొని, పేరు తెలియని దేవునికి ప్రార్థించుచుండినవాడు. ఆ సంవత్సరమే అతడును అతని వారును బాప్తిస్మము పొందిరి. నోబుల్ గారు పైనుండి క్రిందికి దిగునని ఎదురుచూచిన వెలుగు క్రిందనుండియే మొదలాయెను. రాఘవాపురము చుట్టుపట్ల పల్లెలు పల్లెలుగా ప్రజలు ముందుకు వచ్చిరి.

వారు మిషనును అడిగినది ముఖ్యముగా ఒక్కటే: మాకొక ఉపదేశిని పంపుడి. ఉపదేశి యనగా ప్రార్థన నడిపించువాడు, అక్షరములు నేర్పువాడు, కాగితము చదివిపెట్టువాడు, అర్జీ వ్రాసిపెట్టువాడు. ఒక తాటాకు పాక, మట్టిగోడ, పేడతో అలికిన నేల, ఒక చాప. పలకలు లేనిచోట ఇసుకలో వ్రేలితో దిద్దుట. పగలు పిల్లలు గొడ్లు కాచుటకు, కూలికి పోయెడివారు గనుక అనేక చోట్ల లాంతరు వెలుగున రాత్రిబడి సాగెడిది.

ఆ పాకలో బాలురకొక గది, బాలికలకొక గది కట్టుటకు స్థోమత ఎక్కడిది? ఉన్నది ఒక పాక, ఒక పంతులు. కనుక బాలురు బాలికలు ఒకే చాపమీద కూర్చుండిరి. చెల్లిని చంకనెత్తుకొని వచ్చిన పిల్ల ఆ చంటిబిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఓనమాలు దిద్దెను. ఉపదేశి భార్య బాలికలకు కుట్టుపని, కీర్తనలు నేర్పెను. సహవిద్య అను పేరు ఆ దంపతులు విని యుండరు. వారికున్న ఒక్క పాకలో ఆ పద్ధతి తనంతట తానే నిలిచినది.

డోర్నకల్ అధ్యక్ష మండలమునకు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ అధ్యక్షులు, ఈ పల్లె బడిని తమ సేవకు వెన్నెముకగా చేసికొనిరి. తిరునల్వేలి సీమనుండి వచ్చిన తమిళుడైనను తెలుగు నేర్చి తెలుగు పల్లెలలో తిరిగిరి. 1935 నాటికి ఆ మండలములో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000 మందికి పైగా గ్రామోపాధ్యాయులు ఉండిరి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒక గురువునకు ఎనిమిదిమంది పంతుళ్లు. ఆ సంఘమును కట్టినది ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు తల్లులు తీసియుంచిన పిడికెడు బియ్యము ఆ సంఘమునకు ఆధారమాయెను.

ఈ బడికిని ఒక కొరత ఉండెను. బాలురు బాలికలు ఒకే చాపమీద కూర్చుండిరి గాని వారందరు ఒకే పల్లె పిల్లలు. ఊరివారు దానిని మాలపల్లె బడియనిరి, తమ పిల్లలను పంపలేదు. కొన్నిచోట్ల మాల పల్లెకును మాదిగ పల్లెకును నడుమ కూడ గోడ లేవకుండ పోలేదు. ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చువారు ఒకే బడి చాపమీదికి రాలేకపోయిరి. కృష్ణ కిరువైపుల పల్లెలలో ఇదే స్థితి. పల్నాటి లూథరన్, బాప్తిస్టు సోదరులతో మాటలాడునప్పుడు వారును ఈ కొరతను కాదనరు.

మూడు విధముల ఆవరణలు

ఇంతవరకు చెప్పినదానినిబట్టి మన బడుల ఆవరణలు మూడు విధములని తోచును.

మొదటిది పట్టణపు ఆవరణ. పెద్ద భవనములు, ప్రహరీ, గంట, ఆటస్థలము. 1854లో వుడ్ దొరగారి విద్యా నివేదిక వచ్చిన తరువాత ప్రభుత్వ గ్రాంటులు లభించుటచే ఇట్టివి బలపడెను. ఇవి ఉద్యోగస్థులను, నాయకులను తయారుచేసెను.

రెండవది బోర్డింగ్ ఆవరణ. పల్లెబడిలో చురుకైన పిల్లలను ఏరి ఇక్కడికి పంపెడివారు. డోర్నకల్ ఇందుకు మంచి ఉదాహరణ. చదువుతోపాటు చేతిపనులు, సేద్యపు పనులు నేర్పిరి. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కథీడ్రలును చూచినవారు దాని గోపురములను, స్తంభములను మెచ్చుకొందురు. ఆ నీడలో చదివి పల్లెలకు పంతుళ్లుగా తిరిగిపోయినవారే దాని అసలు స్తంభములని మేమనుకొందుము.

మూడవది ఆవరణయే లేని పల్లెబడి. ప్రహరీ లేదు, గంటకు బదులు ఒక ఇనుప పట్టా ముక్క. పల్నాటి వైపున నాపరాళ్లకు కొదువలేదు గనుక తాటాకు పాక పోయినచోట నాపరాయి పరచిన అరుగు మిగులును. ఈ మూడింటిలో మొదటి రెంటికి చరిత్రలు వ్రాయబడినవి, ఛాయాచిత్రములు ఉన్నవి. మూడవదానికి ఒక రిజిష్టరైన చాలచోట్ల మిగులలేదు. స్థలము కాగితములు సరిగా లేక కొన్ని తావులు చేయి జారిపోవుచున్నవి.

1947 తరువాత

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘమాయెను. లూథరన్, బాప్తిస్టు సంఘములు వేరుగనే నిలిచెను. స్వాతంత్ర్యము తరువాత ప్రభుత్వమే ఊరూర బడులు తెరచెను. ఊరిపిల్లలు, పల్లె పిల్లలు ఒక గదిలో కూర్చుండుట అనేక గ్రామములలో ఆ సర్కారు బడితోనే మొదలాయెను. ఈ మేలును మనము ఒప్పుకొనవలెను. మన పల్లెబడులు చాలవరకు మూతపడెను, లేక సర్కారు బడులలో కలిసిపోయెను.

అయినను ఎవరి ప్రక్కన ఎవరు అను ప్రశ్న తీరిపోలేదు. 1991లో మన గుంటూరు జిల్లా చుండూరులో సినిమాహాలులో ఒకరి కాలు మరియొకరికి తగిలినదను తగవు పెరిగి పెరిగి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు హతులైరి. చదువుకొన్న యువకుడు తన ఇష్టమువచ్చిన చోట కూర్చుండుట ఇంకను కొందరికి సహింపరానిదై యుండెను. బడిలో పదేండ్లు ఒక బల్లమీద కూర్చుండినవారు హాలులో ఒకరినొకరు ఓర్చుకొనలేకపోయినయెడల, ఆ బడి ఏమి నేర్పినట్టు?

నేటి ప్రశ్న

2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. జిల్లాలో ఉదయము వేళ ఏ బాటన చూచినను పసుపుపచ్చని బడి బస్సులు. మిషనుల పేర, పరిశుద్ధుల పేర ఇంగ్లీషు మీడియము బడులు లేని పట్టణము లేదు. వాటిలో బాలురు బాలికలు కలిసియే చదువుచున్నారు. కులము పేర ఎవరిని తలుపు బయట నిలువబెట్టుట లేదు. ఆ మేరకు నోబుల్ గారి నాటికంటె మనము ముందుకు వచ్చితిమి.

అయితే ఇప్పుడు ఫీజు తలుపు దగ్గర నిలిచియున్నది. మిరపకోతకు, పత్తి తీతకు పోవు కూలి తల్లి తన బిడ్డను క్రైస్తవ బడిలో చేర్పింపగలదా? ఒకప్పుడు మన పల్లెబడిలో చాప పరచబడినది ఆమె అమ్మమ్మ కొరకే. నోబుల్ గారి బడిలో చోటు లేనిదియు ఆ అమ్మమ్మవంటివారికే.

2009 విద్యాహక్కు చట్టము, ప్రైవేటు బడులు మొదటి తరగతి సీట్లలో నూటికి 25 బీదపిల్లలకు ఉచితముగా ఇవ్వవలెనని చెప్పుచున్నది. 2014లో సుప్రీము కోర్టు ఈ చట్టము అల్పసంఖ్యాక వర్గముల విద్యాసంస్థలకు వర్తింపదని తీర్పు చెప్పెను. 2025లో మరియొక ధర్మాసనము ఆ తీర్పు సరియేనాయని సందేహించి, విస్తృత ధర్మాసనమునకు నివేదించెను. న్యాయస్థానము చివరకు ఏమి చెప్పునో దానికొరకు మనము కాచుకొని యుండవలెనా? అల్పసంఖ్యాకుల హక్కు మన బిడ్డలను, మన సాక్ష్యమును కాపాడుకొనుటకు ఇయ్యబడినది. ఆ హక్కును బీదబిడ్డను తప్పించుకొనుటకు వాడుకొనినయెడల వెంకయ్య సంతతివారమైన మనము ఏమని జవాబు చెప్పగలము?

2021లో రాష్ట్ర ప్రభుత్వము ఎయిడెడ్ విద్యాసంస్థల ఆస్తులను, సిబ్బందిని గూర్చి క్రొత్త విధానము తెచ్చినప్పుడు యాజమాన్యములు, తల్లిదండ్రులు ఎంతో కలవరపడిరి. తరువాత అది ఐచ్ఛికమేనని ప్రభుత్వము ప్రకటించెను. ఆ కలవరములో మన సభలలో ఎక్కువగా వినబడిన మాటలు స్థలములు, భవనములు, సర్వే నంబర్లు. అవి కాపాడవలసినవే. ఆ ఆవరణలో రేపు ఎవరి బిడ్డ కూర్చుండునో అను మాటయు అంతే గట్టిగా వినబడవలెను.

సంఘ సభ్యులకు మా విన్నపము

ఈ శతాబ్ది సంవత్సరమున ప్రతి సంఘము మూడు చిన్న పనులు చేయవలెనని మా విన్నపము. మీ గ్రామములో పల్లెబడి నడచిన తావు ఎక్కడనో, దానిలో బోధించిన ఉపదేశి ఎవరో, ఆయన భార్య పేరేమో, ముసలివారు బ్రదికియుండగనే అడిగి వ్రాసి సంఘపు పుస్తకములో పెట్టుడి. ఆ స్థలమునకు కాగితములు ఉన్నవో లేవో కమిటీలో విచారించుడి. మన యాజమాన్యములోనున్న ప్రతి బడిలో ఫీజు కట్టలేని కూలివారి పిల్లలు ఎందరున్నారో లెక్కవేసి, దేవాలయపు వార్షిక నివేదికలో కానుకల లెక్క ప్రక్కనే చదివి వినిపింపుడి. ఆ లెక్క సున్నా అయినను దాచక చదువుడి. సున్నాను విన్న సంఘము మరుసటి యేడు ఊరకుండదని మా నమ్మకము.

మన ప్రభువు పిల్లలను ఎత్తి కౌగిలించుకొనినప్పుడు వారు ఎవరి పిల్లలని అడిగినట్టు ఏ సువార్తికుడును వ్రాయలేదు. రాబోవు నూరు సంవత్సరములలో మన బడుల చాప అంత విశాలముగా పరచబడుటకు దేవుడు మనకు బుద్ధిని, ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.